పావురం వేరు, ఓటు వేరు

2016 ఫిబ్రవరి 13, శనివారం. మంజీర మీదుగా వచ్చే గాలిలో ఇంకా చలి తగ్గలేదు. బోరంచ ఊరి బడి ముందర ఆడవాళ్లదొక వరుస, మగవాళ్లదొక వరుస. మగవాళ్ల వరుసలో తలకు రుమాలు చుట్టుకున్న ఒక ముసలాయన కట్టె మీద బరువు ఆనించి నిలబడ్డాడు. వెనకాల మనుమడు. చెరుకు నరకబోయిన చోటు నుంచి ఓటు కోసమే రాత్రి బస్సెక్కి వచ్చినవాడు.

"తాతా, ఎవ్వలకేస్తవే?"

"మిషిన్‌కు చెప్త. నీకెందుకురా?"

"కిష్టారెడ్డి కొడుకు నిలబడ్డడు గదా. ఆయన సచ్చిపోయిన నాడు నువ్వు బువ్వ ముట్టలే. యాదికుందా?"

ముసలాయన వెంటనే జవాబివ్వలేదు. వరుస రెండడుగులు ముందుకు కదిలింది. ఆయనా కదిలాడు. తర్వాత వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"పావురం వేరు బిడ్డా. ఓటు వేరు."

ఈ తాతామనుమలు నేను ఊహించుకున్న మనుషులు. అందుకే వాళ్లకు పేర్లు పెట్టలేదు. ఆ నాటి పోటీ మాత్రం నిజం. ఆ ముసలాయన గుండెలో ప్రేమకూ ఓటుకూ మధ్య నేను పెట్టిన పీకులాట ఆ ఉదయం నారాయణఖేడ్ నియోజకవర్గంలో వేల మందిని పట్టి ఉంటుందనేది నా గట్టి నమ్మకం. మూడు రోజుల తర్వాత లెక్క తేలినప్పుడు ఆ అంకెలే ఆ మాట చెప్పాయి. అక్కడికి వద్దాం. ముందు ఆ ఉపఎన్నిక ఎందుకొచ్చిందో చెప్పాలి.

*

2015 ఆగస్టు 25, మంగళవారం. నారాయణఖేడ్ ఎమ్మెల్యే పట్లోళ్ల కిష్టారెడ్డి హైదరాబాద్‌లో గుండెపోటుతో కన్నుమూశారు. ఖేడ్ నుంచి రాజధానికి వంద కిలోమీటర్ల పైమాటే. ఆ దూరాన్ని బస్సుల్లో, జీపుల్లో ఏళ్ల తరబడి పింఛన్ కాగితాలతో, ఆస్పత్రి చీటీలతో, బదిలీ అర్జీలతో తిరిగిన జనానికి ఆ పొద్దు వార్త ఎదురు దిక్కు నుంచి వచ్చింది.

కిష్టారెడ్డిది పంచగామ. పట్లోళ్ల అంటే పటేలు వాళ్లు. ఊరి పెత్తనం ఇంటిపేరులోనే ఉంది. కానీ పటేలు గిరీకి ఊరి పొలిమేర దాటితే విలువ లేదు, ఎమ్మెల్యే గిరీకి ఐదేళ్లకోసారి పరీక్ష తప్పదు. ఆయన ఆ పరీక్ష నాలుగుసార్లు నెగ్గారు: 1989, 1999, 2009, 2014. ఈ నాలుగు సంవత్సరాలను వరుసగా రాసుకుని కాసేపు చూడండి. మొదటి మూడింటికీ మధ్య పదేసి ఏళ్ల ఎడం. గెలవడం, పదవికి దూరం కావడం, మళ్లీ రావడం. వెంటవెంటనే రెండోసారి గెలవడమన్నది ఆయనకు చివరిసారి మాత్రమే దక్కింది. ఆ గెలుపును ఆయన పదిహేను నెలలకు మించి చూడలేకపోయారు.

ఆ ఎడమైన ఏళ్లలో ఏం జరిగింది? 1994లో ఎన్టీఆర్ గాలి వీచింది. ఖేడ్‌లో తెలుగుదేశం తరఫున ఎం. విజయపాల్ రెడ్డి గెలిచారు. 2004లో కాంగ్రెస్‌దే గెలుపైనా ఎమ్మెల్యే అయింది సురేశ్ కుమార్ శెట్కార్. అంటే కిష్టారెడ్డి ఎదుర్కొన్న పోటీలో సగం అవతలి పార్టీది, సగం సొంత ఇంటిది.

శెట్కార్లది ఖేడ్‌లో పాత లింగాయత్ ఇల్లు. అప్పారావు శెట్కార్, శివరావు శెట్కార్ ఇద్దరూ ఇక్కడి నుంచి శాసనసభకు వెళ్లినవాళ్లే. శివరావు కొడుకు సురేశ్. ఖేడ్ అన్న మాటే మరాఠీలో పల్లె అని అర్థం. పక్కన బీదర్, దాటితే మహారాష్ట్ర. సంతలో తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ ఒకే బేరంలో వినిపిస్తాయి. తండాలకు పోతే లంబాడీ మాట. ఇలాంటి చోట కాంగ్రెస్ అంటే శెట్కార్ల ఇల్లా, పట్లోళ్ల ఇల్లా అన్న ప్రశ్న ఎప్పుడూ ఆరని నిప్పు. టికెట్ ఒకరికి వస్తే రెండో ఇంటి ముందర అరుగులన్నీ నిండేవి. ఎదుట విజయపాల్ రెడ్డి వాళ్ల మహారెడ్ల ఇల్లు. మూడు ఇళ్ల మధ్య కొన్ని తరాల పందెం ఇది.

2009లో ఆ నిప్పు మీద కొన్ని నీళ్లు పడ్డాయి. నియోజకవర్గాల పునర్విభజనతో జహీరాబాద్ పేరుతో కొత్త లోక్‌సభ స్థానం ఏర్పడింది. కాంగ్రెస్ సురేశ్ శెట్కార్‌ను ఢిల్లీకి పోటీ చేయించింది, కిష్టారెడ్డిని హైదరాబాద్‌కు. ఇద్దరూ గెలిచారు. ఒకరు పార్లమెంటు, ఒకరు అసెంబ్లీ. ఈ సర్దుబాటును గుర్తు పెట్టుకోండి. పదిహేనేళ్ల తర్వాత ఇదే మళ్లీ జరుగుతుంది, కానీ అప్పటికి కిష్టారెడ్డి ఉండరు.

*

ఇప్పుడు నీళ్ల సంగతి. ఖేడ్ ఎమ్మెల్యే కథ చెప్పి మంజీర కథ చెప్పకపోతే సగమే చెప్పినట్టు.

మహారాష్ట్ర బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర బీదర్ మీదుగా తెలంగాణలోకి వచ్చి, ఖేడ్ ప్రాంతానికి దక్షిణాన బోరంచ పక్క నుంచి తూర్పుగా సాగుతుంది. సంగారెడ్డి దాటాక ఉత్తరానికి మళ్లి, మెదక్ మీదుగా నిజాంసాగర్ చేరుతుంది. చివరకు కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. పటం ముందేసుకుని వేలితో ఆ దారి గీస్తే నారాయణఖేడ్ ఆ వంపు లోపల ఉంటుంది. నది దాన్ని చెయ్యి చుట్టి పట్టుకున్నట్టుంటుంది. చుట్టూ నీళ్లే, లోపల ఎండ.

నిజాం కాలంలో, 1931 నాటికి, నిజాంసాగర్ కట్టారు. ఆ నీళ్లతో పండింది నిజామాబాద్ దిక్కు. 1980ల్లో సింగూరు కట్టారు. 29.91 టీఎంసీల జలాశయం. ఆ నీళ్లు ప్రధానంగా హైదరాబాద్ దాహానికి పోయాయి. తర్వాత ఎప్పటికో అందోలు, పుల్కల్ వైపు 40 వేల ఎకరాలకు కాలువలు వచ్చాయి. ఒకే నది మీద రెండు పెద్ద జలాశయాలు. వాటి మధ్య మిట్ట మీద ఉన్న ఖేడ్‌కు చెప్పుకోదగ్గదిగా మిగిలింది కల్హేర్ దిక్కున నల్లవాగు. దాని కింద ఆయకట్టు కొన్ని వేల ఎకరాలే.

ఖేడ్ నేల నల్లరేగడి, ఎర్రచెల్క కలగలుపు. జొన్న, కంది, పెసర, మినుము, పత్తి. వాన పడితే పంట, లేకుంటే వలస. దసరా, దీపావళి దాటగానే తండాల ముందర లారీలు ఆగేవి. మొగుడూ పెళ్లాం జోడీగా బయానా తీసుకుని చెరుకు ఫ్యాక్టరీల దిక్కు కదిలేవాళ్లు, కర్ణాటకకు, మహారాష్ట్రకు. ముసలివాళ్లు, బడికి పోవాల్సిన పిల్లలు తండాలో మిగిలేవాళ్లు. కొన్నిసార్లు పిల్లలు కూడా మిగిలేవాళ్లు కారు.

కిష్టారెడ్డి మొదటిసారి ఎమ్మెల్యే అయిన 1989 నాటికి సింగూరు ఆనకట్ట లేచి నిలబడింది. అంటే ఆయన రాజకీయ జీవితం మొత్తం ఆ జలాశయం పక్కనే గడిచింది. నాలుగుసార్లు గెలిచిన ఎమ్మెల్యే నియోజకవర్గంలోనే నది ఉండి, పొలానికి ఆ నీళ్లు ఎక్కకపోతే ఆ బాధ్యత ఎవరిది? ఒక్క మనిషిదని నేను అనలేను. ఎమ్మెల్యే చేతిలో టీఎంసీలు ఉండవు. రాజధాని దాహం ముందు ఒక సరిహద్దు నియోజకవర్గం గొంతు ఎంత? అయినా ఓటరు ఆ ప్రశ్న అడిగేది సచివాలయాన్ని కాదు, తన ఇంటి ముందుకు వచ్చిన మనిషినే. అది ఓటరు తప్పు కాదు.

*

2014 ఏప్రిల్ 30. కొత్త రాష్ట్రం పుట్టడానికి నెల ముందు జరిగిన ఎన్నికలు. మెదక్ జిల్లా అంటే కేసీఆర్ సొంత జిల్లా, గులాబీ జెండా పుట్టిల్లు లాంటిది. పది అసెంబ్లీ స్థానాల్లో ఎనిమిది టీఆర్ఎస్ గెలుచుకుంది. మిగిలిన రెండు సరిహద్దున ఉన్నవి. జహీరాబాద్‌లో గీతారెడ్డి, నారాయణఖేడ్‌లో కిష్టారెడ్డి. ఇద్దరూ కాంగ్రెస్.

అదే రోజు, అవే పోలింగ్ బూత్‌లలో, లోక్‌సభకూ ఓటు పడింది. జహీరాబాద్ లోక్‌సభలో సురేశ్ శెట్కార్ ఓడిపోయారు, టీఆర్ఎస్ నుంచి బీబీ పాటిల్ గెలిచారు. తెలంగాణ వచ్చిన ఊపులో పెద్ద ఓటు కొట్టుకుపోయినా ఖేడ్ మాత్రం తన చిన్న ఓటును కిష్టారెడ్డి దగ్గరే అట్టిపెట్టింది. ఆయనకు 62 వేల పైచిలుకు ఓట్లు వచ్చాయి. రెండో స్థానంలో నిలిచిన టీఆర్ఎస్ అభ్యర్థి మహారెడ్డి భూపాల్ రెడ్డి 14 వేలకు పైగా తేడాతో వెనకబడ్డారు.

ఆ అసెంబ్లీలో కాంగ్రెస్ బలం 21. ప్రతిపక్షంగా కూర్చున్న ఆ కొద్దిమందిలోంచి కిష్టారెడ్డికి ప్రజా పద్దుల కమిటీ అధ్యక్ష పదవి వచ్చింది. తెలంగాణ శాసనసభకు ఆయనే తొలి పీఏసీ ఛైర్మన్. ఈ పదవి గురించి బయట పెద్దగా మాట్లాడుకోరు. ప్రభుత్వం ఖర్చు పెట్టిన డబ్బును కాగ్ లెక్క చూస్తుంది, ఆ నివేదిక సభ ముందుకు వస్తుంది. దాన్ని పేరా పేరాగా చదివి అధికారులను పిలిపించి, "ఈ పైసలు ఎక్కడ పోయినయి?" అని అడిగే హక్కు ఈ కమిటీది. అందుకే దాని కుర్చీ ప్రతిపక్షానికి ఇవ్వడం మన ప్రజాస్వామ్యంలో నిలబడ్డ మంచి పద్ధతుల్లో ఒకటి. నీళ్లు రాని నియోజకవర్గం నుంచి వచ్చిన మనిషి కొత్త రాష్ట్రం తొలి పద్దుల ముందు కూర్చోవడం నాకు చాలా సబబుగా అనిపిస్తుంది. ఆ కుర్చీలో ఆయనకు కాలం ఎక్కువ దొరకలేదు. ఆయన తర్వాత పాలేరు ఎమ్మెల్యే రాంరెడ్డి వెంకటరెడ్డి ఆ పదవికి వచ్చారు. 2016 మార్చి 4న ఆయనా చనిపోయారు. ఏడాది తిరగకుండా ఒకే కుర్చీలోని ఇద్దరు పోయారు. ఆ తర్వాత గీతారెడ్డి వచ్చారు.

*

ఎమ్మెల్యే పదవిలో ఉండగా పోతే, ఆ ఇంటి మనిషి నిలబడితే, మిగతా పార్టీలు తప్పుకోవడం తెలుగునాట ఒక ఆనవాయితీ. రాతలో లేదు, ప్రతిసారీ నడవనూ లేదు. 2014లో ఆళ్లగడ్డలో శోభా నాగిరెడ్డి మరణం తర్వాత కూతురు అఖిలప్రియ ఏకగ్రీవంగా గెలిచారు. ఖేడ్‌లో అలా జరగలేదు. కాంగ్రెస్ కిష్టారెడ్డి కొడుకు సంజీవరెడ్డిని నిలబెట్టింది. టీఆర్ఎస్ మళ్లీ భూపాల్ రెడ్డిని, తెలుగుదేశం విజయపాల్ రెడ్డిని దింపాయి.

అప్పటి గాలి కూడా చెప్పాలి. 2015 నవంబరులో వరంగల్ లోక్‌సభ ఉపఎన్నికలో టీఆర్ఎస్ మెజారిటీ నాలుగున్నర లక్షలు దాటింది. 2016 ఫిబ్రవరి 5న గ్రేటర్ హైదరాబాద్ లెక్క తేలితే 150 వార్డుల్లో 99 ఆ పార్టీవే. ఎనిమిది రోజుల తర్వాత ఖేడ్ ఓటు. టీఆర్ఎస్ ప్రచారం బరువంతా మంత్రి హరీశ్ రావు భుజాన వేసుకున్నారు. ముఖ్యమంత్రి కూడా ఖేడ్‌కు వచ్చి సభ పెట్టారు. ప్రచారం అంతటా ఒకటే పాట: ఖేడ్ ఎందుకు వెనకబడింది?

ఆ ప్రశ్న పదునైనది. ఎందుకంటే నిజమైనది. చనిపోయిన మనిషి మీద ఎవరూ చెడ్డ మాట అనక్కర్లేదు. రోడ్డు చూపిస్తే చాలు, బోరు చూపిస్తే చాలు, తాళం పడ్డ తండా ఇల్లు చూపిస్తే చాలు. ఇటువైపు తండ్రిని పోగొట్టుకున్న కొడుకు, అటువైపు అధికారంలో ఉన్న ప్రభుత్వం. ఒకరి చేతిలో కన్నీళ్లు, ఒకరి చేతిలో ఖజానా. ఆ పోటీ సమానమైనదని నేను అనను.

ఫిబ్రవరి 16, మంగళవారం లెక్కించారు. భూపాల్ రెడ్డికి 93,076. సంజీవరెడ్డికి 39,451. తేడా 53,625. విజయపాల్ రెడ్డికి 14,787 ఓట్లు వచ్చి డిపాజిట్ పోయింది. టీఆర్ఎస్ ఖేడ్‌లో గెలవడం అదే మొదటిసారి. రెండేళ్లు తిరగకుండా తండ్రికి 62 వేలు వేసిన ఊళ్లు కొడుక్కి 39 వేలు వేశాయి. 23 వేల ఓట్ల తేడా. వాళ్లంతా కిష్టారెడ్డిని మర్చిపోయారా? నేను నమ్మను. చావింట్లో అన్నం ముట్టనివాళ్లే బడి దగ్గర వరుసలో నిలబడి వేరే గుర్తు నొక్కారు. రెండూ నిజాయితీతో చేసిన పనులే.

ఓడిపోయిన కొడుకు పరిస్థితి తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. అది నాకు ఉన్న బలహీనత అయితే ఉండనీ. ఇంట్లో చావు జరిగి ఆరు నెలలు కాకముందే ఊరూరా తిరిగి చేతులు జోడించి, లెక్క రోజు సాయంత్రం ఖాళీ వాకిట్లో కూర్చోవడం ఎంత కష్టం!

*

ఆ ఉపఎన్నిక తర్వాత కొన్ని మార్పులు వచ్చాయి. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు పుట్టినప్పుడు ఖేడ్ సంగారెడ్డి జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. సిర్గాపూర్, నాగల్‌గిద్ద కొత్త మండలాలయ్యాయి. తర్వాత ఖేడ్ మున్సిపాలిటీ కూడా అయింది.

2018లో సంజీవరెడ్డి పార్టీ మారి బీజేపీ నుంచి నిలబడ్డారు. కాంగ్రెస్ టికెట్ సురేశ్ శెట్కార్‌కు వెళ్లింది. భూపాల్ రెడ్డి 58 వేలకు పైగా తేడాతో మళ్లీ గెలిచారు. పాత రెండిళ్లూ విడిగా నిలబడ్డాయి, విడిగానే ఓడిపోయాయి.

2022 ఫిబ్రవరి 21న ముఖ్యమంత్రి కేసీఆర్ నారాయణఖేడ్ వచ్చి సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతల పథకాలకు శంకుస్థాపన చేశారు. రెండింటికీ కలిపి అంచనా 4,427 కోట్లు. బసవేశ్వర పథకం సింగూరు నుంచి 8 టీఎంసీలు ఎత్తి నారాయణఖేడ్, అందోలు ప్రాంతాల్లో 1 లక్షా 65 వేల ఎకరాలకు నీళ్లివ్వాలని రూపొందింది. ఆ నీళ్లు ఎత్తాల్సిన చోటు బోరంచ శివారు. వంపు తిరిగిన నది పొడవునా ఒక చోటు ఎంచితే అది నల్లపోచమ్మ గుడి ఉన్న ఊరైంది. సంగారెడ్డి నుంచే కాదు, కర్ణాటక, మహారాష్ట్రల నుంచి కూడా జనం బోనాలతో, మేకలతో వచ్చే గుడి అది. మంజీరలో స్నానం చేసి తడిబట్టలతోనే తల్లి ముందుకు పోతారు. ఆ నీళ్లు అమ్మవారి మెట్ల దాకా ఎప్పుడూ వస్తూనే ఉన్నాయి. మిట్ట మీది చేనికి రావాల్సి ఉంది.

2023 ఎన్నికలు వచ్చాయి. కాంగ్రెస్ ముందు ఖేడ్ టికెట్ సురేశ్ శెట్కార్‌కు ప్రకటించింది. సంజీవరెడ్డి అప్పటికి తిరిగి కాంగ్రెస్‌లోకి వచ్చేశారు. నామినేషన్ల గడువు ముగియబోతుండగా పార్టీ మనసు మార్చుకుంది. చివరి జాబితాలో ఖేడ్ ఎదుట పేరు మారింది: పట్లోళ్ల సంజీవరెడ్డి. టికెట్ చేతి దాకా వచ్చి పోయిన ఆ రాత్రి శెట్కార్ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో నేను ఊహించను. నాకు తెలిసింది తర్వాత జరిగినదే. నవంబరు 30న ఓటు పడింది. డిసెంబరు 3న సంజీవరెడ్డి భూపాల్ రెడ్డి మీద సుమారు ఆరున్నర వేల ఓట్లతో గెలిచారు. ఆర్నెల్ల తర్వాత 2024 జూన్ 4న జహీరాబాద్ లోక్‌సభ లెక్క తేలినప్పుడు సురేశ్ శెట్కార్ 46 వేలకు పైగా తేడాతో బీబీ పాటిల్‌ను ఓడించి ఢిల్లీ వెళ్లారు. పాటిల్ అప్పటికి బీజేపీ అభ్యర్థి.

2009లో కిష్టారెడ్డి, సురేశ్ శెట్కార్. 2024లో కిష్టారెడ్డి కొడుకు, సురేశ్ శెట్కార్.

*

మళ్లీ ఆ ఇద్దరి దగ్గరికి పోతాను. 2023 నవంబరు 30, గురువారం. అదే బడి. ఇప్పుడు మనుమడు ముందు, తాత వెనక. తాతను ఆటోలో తెచ్చి దింపారు. కట్టె ఒక్కటే చాలక మనుమడి భుజం కూడా పట్టుకున్నాడు.

"ఈసారన్నా చెప్తవా తాతా?"

"ఆనాడు ఆ పిలగానికి ఎయ్యలే. కిష్టారెడ్డికి ఏసిన చెయ్యే ఇది. ఎయ్యలే." ముసలాయన ఊపిరి తీసుకున్నాడు. "ఏడేండ్లు తిరిగిండు. ఓడిపోయినంక గూడ తిరిగిండు. గది సూసిన."

"అంటే ఇయ్యాల ఏస్తవన్నట్టేనా?"

"నడువ్, నడువ్. వరుస కదిలింది."

లోపలికి పోయి, వేలికి సిరా చుక్క పెట్టించుకుని, బయటికి వచ్చాక తాత ఇంటికి పోదామనలేదు. గుడి దిక్కు చెయ్యి చూపాడు. మనుమడు ఆటోవాలాతో బేరమాడి నది ఒడ్డుదాకా తీసుకుపోయాడు. మెట్ల మీద కూర్చోబెడితే తాత పంచె మోకాళ్లదాకా ఎత్తి కాళ్లు నీళ్లలో పెట్టాడు. సిరా వేలు కూడా ముంచి చూసుకున్నాడు, పోదని తెలిసీ. ఎదుట మంజీర సింగూరు దిక్కు మెల్లగా పోతోంది.

"సల్లగున్నయిరా నీళ్లు," అన్నాడు.